ఏడో పూత

డాక్టర్ వాచస్పతిగారు ఆకాశంలోంచి కిందపడి చావాలని నూకరత్నం తొమ్మిదేళ్లుగా కోరుకుంటోంది. ఊరికే కోరుకోవడం వేరు, ఆ కోరికకి ముహూర్తం కుదరడం వేరు. ఆ ఏడు మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. పెద్దాపురం శివార్లలో, సగ్గుబియ్యం మిల్లులు దాటాక వచ్చే శూన్యగోళ పరిశోధన కేంద్రం గేటుకి ఈ చివర నుంచి ఆ చివరకి బ్యానరు కట్టారు. శూన్యబుడగలో మొట్టమొదటి మానవ ప్రయాణమట. బుడగ ఎక్కేది కేంద్రం డైరెక్టరు వాచస్పతిగారు. బుడగ తయారుచేసేది నూకరత్నం. పగబట్టిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

మనిషి బుడగ కనిపెట్టిన రోజు నుంచీ అందులో ఏదో ఒకటి నింపుతూనే ఉన్నాడు. మొదట వేడిపొగ నింపాడు. పట్టుమని ఏడాది తిరక్కుండానే హైడ్రోజన్ నింపాడు. అసలేమీ నింపకుండా, ఉన్న గాలిని కూడా తోడేస్తే ఇంకా తేలిగ్గా లేస్తుంది కదా అని మూడున్నర శతాబ్దాల కిందటే ఇటలీలో ఒక పాదిరీ కాగితం మీద లెక్క వేశాడు. లెక్క బాగానే ఉంది. కానీ లోపల ఏమీ లేని బుడగని బయటి గాలి ఊరుకుంటుందా? నలుమూలలా నొక్కి చితక్కొట్టేస్తుంది. చితక్కుండా మందంగా చేస్తే బరువెక్కి లేవదు, లేవాలని పలచగా చేస్తే చితుకుతుంది. ఇన్ని వందల ఏళ్లు, ఇన్ని దేశాల పండితులకి లొంగని ఆ చిక్కు అయిదో తరగతి చదివిన నూకరత్నం చేతుల్లో విడిపోయింది. అదీ సొంత తెలివితో కాదు, పొరపాటున.

అప్పట్లో ఆమె కాకినాడ దారిలో ఒక పిల్లల గాలిబూరల కార్ఖానాలో పనిచేసేది. బూర ఆకారంలో ఉన్న అచ్చుల్ని ముందు కర్రపెండలం గంజిలో, తర్వాత రబ్బరుపాలలో ముంచి ఆరబెట్టడం ఆమె పని. ఒకసారి తుఫానుకి మూడు రోజులు కరెంటు పోయింది. తొట్టెలో గంజి పులిసి కంపు కొట్టింది. పారబొయ్యడానికి మనసొప్పక నూకరత్నం దాంతోనే పూతలు వేసింది. ఆ బూరలు సాగలేదు. ఊదితే ఒక్కటీ ఉబ్బలేదు. యజమాని నానా తిట్లూ తిట్టి బస్తాకెత్తి ఇచ్చేశాడు. ఆ బస్తా ఆమె అన్న బుల్లబ్బాయి చేతిలో పడింది.

బుల్లబ్బాయి తీర్థాల్లో, జాతరల్లో బూరలమ్మేవాడు. నలభై అయిదేళ్లొచ్చినా ఊరందరికీ బుల్లబ్బాయే. పొడుగు బూరని మూడు మెలికలు తిప్పి కుక్కపిల్లని చేసేవాడు, నాలుగు తిప్పి ఏనుగుని చేసేవాడు. అతని దగ్గర బూర కొనేవాళ్ల కన్నా అతని కబుర్లకి నిలబడేవాళ్లే ఎక్కువ.

“రండి బాబూ రండి! మొట్టమొదట బూరెక్కి ఆకాశంలోకి ఎల్లింది ఎవరనుకున్నారు? రాజుగారా? కాదు. మంత్రిగారా? కాదండి. ఓ గొర్రి, ఓ బాతు, ఓ కోడిపుంజు! ఫ్రాన్సులోనండి, రాజుగారి కోట ముందర. దిగేక సూత్తే పుంజుకి రెక్క దెబ్బతింది. పండితులందరూ గుమిగూడేరు. పైన గాలి పడలేదన్నారు, ఎత్తుకి ఎముక ఇరిగిందన్నారు. ఆనక తేలిందేటంటే, ఎక్కకముందే గొర్రి తన్నిందండి బాబూ!”

జనం పగలబడి నవ్వేవారు. ఆ నవ్వులో అతను నాలుగు బూరలమ్ముకునేవాడు.

అలాంటివాడు ఉబ్బని బూరల బస్తా చూసి ఊరుకుంటాడా? ఊదితే ఉబ్బకపోతే లాగి చూద్దామనుకున్నాడు. సైకిలు పంపులో వాషరు తిరగేసి, కొబ్బరికాయంత బూరలోంచి గాలి తోడాడు. తోడేకొద్దీ అది ముడుచుకోలేదు. బిగిసింది. వేలితో కొడితే టంగుమంది. ఇంకాస్త తోడేసరికి అతని అరచేతిలోంచి దానంతటదే లేచి, ఇంటి దూలానికి తగిలి అక్కడే ఉండిపోయింది. బుల్లబ్బాయి పెళ్లాం అమ్మాజీ దెయ్యం అని కెవ్వుమంది. అన్నాచెల్లెళ్లిద్దరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

కోటిపల్లి తీర్థంలో ఆ తమాషా చూసిన వాచస్పతిగారు మాత్రం నవ్వలేదు. తర్వాతి నెలలో అన్నాచెల్లెళ్లిద్దరూ ఆయన కేంద్రంలో పనికి చేరారు.

కేంద్రంలో పెద్ద చదువుల వాళ్లు చాలామందే ఉన్నారు. గంజి ఎందుకంటే అంటుకోకుండా ఉండడానికి అన్నారు. పులిసిందెందుకు, రోగాలొస్తాయన్నారు. పొట్లాల్లో పిండి తెప్పించి పచ్చిగంజి కాచి పూతలు వేశారు. గదంత గోళం తయారైంది. గాలి తోడితే లేచింది కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా నలభయ్యో నిమిషంలో టప్పున ఒక్క చప్పుడు, అంత గోళమూ నలిగి అప్పడమైపోయి నేలమీద పడింది. అప్పుడు వాచస్పతిగారు నూకరత్నం కేసి తిరిగి, “రత్నమ్మా, నీ పద్ధతిలోనే కానియ్యి” అన్నారు.

ఆమె పద్ధతి ఏడు పూతలు. మొదటి ఆరింటికీ ఎవరు చెయ్యి వేసినా ఫరవాలేదు. ఏడోది మాత్రం ఆమే వెయ్యాలి. బత్తాయి తొనలాంటి పొడుగాటి అచ్చుని పులిసిన గంజి కలిపిన తొట్టెలోకి అంగుళం అంగుళం దించి, అంగుళం అంగుళం ఎత్తాలి. రెండు గంటలు పడుతుంది. మధ్యలో ఒక్క క్షణం చెయ్యి ఆగినా అక్కడ గీత పడుతుంది. గాలి ఆ గీతనే పట్టుకుని విరుస్తుంది. అందుకని కార్ఖానా రోజుల నుంచీ ఆమెదొక కట్టుబాటు: పూత మీదున్న మనిషిని పిలవకూడదు. ఇల్లు కాలిపోయినా సరే. ఒకసారి సొంత అన్న గుమ్మంలోంచి “చెల్లెమ్మా, టీ” అని కేకేస్తే, పూత పాడై, ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. ఆ తర్వాత కేంద్రంలో డైరెక్టరు దగ్గర్నుంచి వాచ్‌మన్ వరకు ఆ కట్టుబాటు ఎవరూ దాటలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దున్న ఆమె ఏడో పూత అప్పుడే మొదలుపెట్టింది. బయట పెరట్లో ధబ్బుమని చప్పుడైంది. పొరల్లో సన్నకన్నాలున్నాయేమో చూడ్డానికి పెరట్లో హైడ్రోజన్ నింపి పరీక్షించేవారు. ఆ పని బుల్లబ్బాయిది. అలాంటి చప్పుళ్లు మామూలే. బూర పేలిందనుకుంది. చెయ్యి ఆపలేదు. అయినా కాసేపటికి ఎందుకో మనసు కీడు శంకించి, గుమ్మంలో వాచ్‌మన్ కోటేశు కేసి చూసి ఏమిటన్నట్టు కనుబొమలెగరేసింది. అతను ఏం లేదన్నట్టు చెయ్యూపాడు.

పూత పూర్తిచేసి చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి పెరట్లో గుడ్డ కప్పి ఉంది. గుడ్డ చివర అన్న పాదాలున్నాయి.

“ఒక్క క్షణంలో పోయాడమ్మా. ఏమీ తెలియలేదు పాపం” అన్నారు వాచస్పతిగారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. గ్యాసు నింపే కార్మికుడు నిబంధనలకు విరుద్ధంగా బీడీ వెలిగించినందున ప్రమాదం సంభవించింది, అని.

బీడీ! తీర్థంలో తన గ్యాసుబూరలకి పదిగజాల దూరంలో ఎవడైనా బీడీ ముట్టిస్తే కర్ర పుచ్చుకుని తరిమేవాడు బుల్లబ్బాయి. ఆ విషయంలో సొంత మామగారితో గొడవపడి రెండేళ్లు ఆ గడప తొక్కలేదు. పైగా పోయేముందు వారం రోజులుగా ఇంట్లో ఒకటే గొణుగుడు: “ఎర్తు తీగ తెగిపోయిందే చెల్లెమ్మా. గొట్టంలో గ్యాసు రాసుకుంటే నిప్పురవ్వ పుడతాదని మూడుసార్లు సెప్పేను. వచ్చే వారం సూద్దాం అంటన్నారు.” నూకరత్నం ఆ మాటే అందరికీ చెప్పింది. చచ్చినవాడు చెప్పాడంటే ఎవరు వింటారు? ఆ రోజు ఆమె పూత వేసిన తొనతోనే మొట్టమొదటి విజయవంతమైన గోళం పూర్తయింది. తర్వాత అది లేవడం చూసి ఢిల్లీవాళ్లు నోరు వెళ్లబెట్టారు. వాచస్పతిగారి పేరు దేశమంతా మోగిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. పెరట్లో హెచ్చరిక బోర్డొకటి పెట్టారు. అందులో ఒక బొమ్మ మనిషి బీడీ వెలిగిస్తూ ఉంటాడు, వెనకాల మంట లేస్తూ ఉంటుంది. ఆ బొమ్మకి బుల్లబ్బాయి మీసాలు పెట్టారు. ఎవడు గీశాడో వాడి చేతులు పడిపోను! తొమ్మిదేళ్లుగా పొద్దున్నా సాయంత్రం ఆ బోర్డు ముందు నుంచే నూకరత్నం పనికి వెళ్లొస్తోంది. పని మానెయ్యలేదు. మానేస్తే వాచస్పతి చేతికందడు. అందుకే నోరు కుట్టేసుకుని, “ఆయ్, అలాగేనండి” అంటూ గంజి పులియబెట్టుకుంటూ కూచుంది.

ఇంటి దగ్గర వదిన అమ్మాజీ. బుల్లబ్బాయి పోయాక ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. వీధిలో పిల్లలు ‘బీడీ బుల్లబ్బాయి ఇల్లు’ అని గుర్తు చెప్పుకుంటారని అమ్మాజీ గుమ్మం దాటడం మానేసింది. బియ్యంలో రాళ్లేరుకుంటూ ఎప్పుడూ ఒకే మాట అంటుంది.

“పోన్లే రత్నం. ఏం తెలీకుండా చిటికెలో పోయేరు. నొప్పంటే తెలీదు. నాకదే పదివేలు.”

ఆ మాట అనుకున్నాక చాప పరుచుకుని నిద్రపోతుంది. నూకరత్నానికి ఆ నిద్ర చూస్తే అసూయ.

ప్రయాణానికి పదకొండు రోజులుందనగా ఆమె పచ్చిగంజి కాచింది. గోళంగా అతికే ఇరవైనాలుగు తొనల్లో మూడు చాలు. నలభై నిమిషాలకో, గంటకో, అంతెత్తున ఉండగా టప్పుమంటుంది. గంజి కలుపుతుంటే నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ‘పడరా, పడు. నీ ఎముకలు ఏరుకోడానికి జల్లెడ కావాలి’ అనుకుంటూ మూడు తొనలకీ పూత వేసింది.

నాలుగో రోజు వాటిని అతకడానికి తీసి వెలుతురులో పట్టుకుంది. చూడ్డానికి మిగతావాటిలాగే ఉన్నాయి. అప్పుడు మెదిలింది ఆమె బుర్రలో: ఆయన పడి చస్తే మళ్లీ రిపోర్టు రాస్తారు. ఏమని రాస్తారు? బీడీ బుల్లబ్బాయి చెల్లెలు పూత సరిగ్గా వెయ్యలేదని. పెరట్లో రెండో బోర్డు పెడతారు. దానికి తన ముక్కుపుడక గీస్తారు. వాచస్పతికేం, దండలేసి విగ్రహం పెడతారు. చచ్చినవాడి మీద ఏదైనా రాయొచ్చు. నిజం చెప్పాలంటే నోరుండాలి, ఆ నోరు బతికుండాలి.

కత్తెర తెచ్చి మూడు తొనల్నీ పరపరా కోసేసింది. పులిసిన గంజితో మళ్లీ వేసింది. ఇరవైనాలుగు తొనలూ ఒక్క గీత లేకుండా కుదిరాయి. ఆ బుడగ ఇక ఆమె చెప్పినా చితకదు. కానీ ఆ సంగతి ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

ఆ రోజు పొద్దున్న మైదానం తీర్థంలాగే ఉంది. పిల్లలందరి చేతుల్లోనూ బూరలు. కాగితపు బూరలో పొగ పట్టి ఎగరేశారు, గొర్రె, బాతు, కోడిపుంజు బొమ్మల్ని బుట్టలో పెట్టి చూపించారు. అవి చూసి నూకరత్నానికి అన్న తీర్థం కబుర్లు గుర్తొచ్చాయి. మైకులో ఒకాయన బుడగల చరిత్ర చెబుతున్నాడు. ఫ్రాన్సులో మొదటి హైడ్రోజన్ బుడగ ఒక పల్లెలో దిగితే జనం రాక్షసి అనుకుని పారలతో పొడిచి, గుర్రం తోకకి కట్టి ఈడ్చారని చెబితే పిల్లలు విరగబడి నవ్వారు.

నూకరత్నం బతిమాలి బతిమాలి అమ్మాజీని తీసుకొచ్చి ముందు వరసలో కూచోబెట్టింది.

“ఏటే ఇది? అందరూ నన్నే సూత్తన్నారు.”

“సూడనీ వదినా. కాసేపట్లో ఇనాల్సింది ఉంది. లెగకు.”

బుట్టలోకి ముందు వాచస్పతిగారు ఎక్కారు. వెనకాలే నూకరత్నం ఎక్కింది. బుడగ దింపాలంటే కుళాయి తిప్పి లోపలికి కొంచెం కొంచెం గాలి వదలాలి. ఎంత తిప్పాలో ఆమె చేతికే తెలుసు. ఎక్కువ వదిలితే రాయిలా పడుతుంది. పైనుంచి ఆయన మాట్లాడితే కింద మైకుల్లో అందరికీ వినబడేలా వైర్‌లెస్ పెట్టారు. గాలి అంతగా ఆడని పొద్దు. తాళ్లు వదిలారు. మైదానం కిందికి జారింది, కేకలు పలచబడ్డాయి. వెయ్యడుగుల ఎత్తున బుడగ దానంతటదే నిలబడింది.

వాచస్పతిగారు ఆనందం పట్టలేకపోయారు. “చూశావా రత్నమ్మా! ఇన్ని శతాబ్దాల కల!” అన్నారు. తర్వాత చుట్టూ చూసి, “కుళాయి తిప్పే చెవి ఏది?” అన్నారు.

“నా చేతిలో ఉందండి.” ఆమె చెయ్యి బుట్ట బయటికి చాపి ఉంది. గుప్పిట్లో ఇత్తడి చెవి.

“అదేమిటి, లోపలికి తియ్యి. జారితే?”

“జారితే మనం దిగలేమండి. మీకో ముక్క చెప్పాలండి. మూడు తొనలకి ఏడో పూత పచ్చిగంజితో వేశాను.”

ఆయన నవ్వబోయారు. ఆమె మొహం చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది. తలెత్తి బుడగని చూశారు. ఆయన కళ్ల ముందు అప్పడమైన గోళం మెదిలి ఉంటుంది. రెండు చేతులా తాళ్లు పట్టుకుని బుట్టలో చతికిలబడ్డారు.

“నలభై నిమిషాలు,” అన్నారు నీరసంగా.

“ఖాయంగా చెప్పలేమండి. ఒకటి అరగంటకే పోతాది, ఒకటి మూడు గంటలుంటాది. దాని ఇష్టం.”

“ఎందుకు? ఎందుకు చేశావీ పని?”

“మా అన్నయ్య బీడీ కాల్చలేదండి.”

ఆయన చేతులు జోడించారు. “దిగాక మాట్లాడుకుందాం. నేను అన్నీ సరిచేస్తాను, ఒట్టు,” అన్నారు.

“కిందయితే మీరు మాట్లాడతారండి, నేను వింటాను. తొమ్మిదేళ్లు అదే అయ్యింది. ఇక్కడ చెప్పండి. అదిగో మైకు. అంతా నాకు తెలుసు. ఒక్క ముక్క దాచినా చెవి వదిలేస్తాను. మీతోపాటే నేనూ పోతాను, నాకేం బెంగలేదు.”

అంతా తెలుసన్నది అబద్ధం. ఆమెకి తెలిసింది ఎర్తు తీగ ఒక్కటే. ఆయన మైకు తీసుకున్నారు. బొత్తాం నొక్కారు.

“నేను వాచస్పతిని మాట్లాడుతున్నాను. తొమ్మిదేళ్ల కిందట మా కేంద్రంలో చనిపోయిన బుల్లబ్బాయి... బీడీ కాల్చలేదు. ఎర్తు తీగ తెగిందని అతను నాకు మూడుసార్లు చెప్పాడు. ఆ రోజు ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారు. తీగ లేకుండానే నింపమని నేనే చెప్పాను. రిపోర్టు నేనే రాశాను.”

కింద చీమల్లాంటి జనంలో కదలిక పుట్టింది. తొమ్మిదేళ్ల బరువు నూకరత్నం గుండె మీంచి దిగింది. కావాల్సింది అయిపోయింది. చెయ్యి లోపలికి తీసుకోవచ్చు. కానీ కసి ఇంకా చల్లారలేదు. ఊరికే, ఆయన వణుకు ఇంకాస్త చూద్దామని, “ఇంకా?” అంది.

ఆయన తెల్లమొహం వేసి ఆమె కేసి చూశారు. ఈమెకి అదీ తెలుసు అనుకున్నారు.

“నన్ను చంపినంత పని చేస్తున్నావు.”

“ఇంకా చెప్పండి.”

“అతను వెంటనే పోలేదు.” ఆయన మైకు కేసి వంగారు. “ప్రాణంతోనే ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. ఎలాగూ బతకడనుకున్నాను. గేట్లో అంబులెన్సు కనబడితే వచ్చినవాళ్లు అటునుంచి అటే వెళ్లిపోతారనుకున్నాను. మంచినీళ్లడిగాడు. ‘చెల్లెమ్మని పిలవండి’ అన్నాడు. నువ్వు పక్క షెడ్డులోనే ఉన్నావు. పిలిస్తే పూత పాడైపోతుంది. ఆ ఒక్క పూత కుదరకపోతే కేంద్రమే మూతపడేది. పిలవద్దని కోటేశుకి నేనే చెప్పాను. పూత మీదున్నప్పుడు పిలవకూడదని నువ్వే కదా అనేదానివి... నువ్వు పూత ముగించే వేళకే పోయాడు. రెండు గంటలు ఉన్నాడు.”

నూకరత్నం మనసులో లెక్క కట్టుకుంది. రెండు గంటలు. యాభై గజాల దూరం. తను అంగుళం అంగుళం అచ్చు దించుతోంది, తన కట్టుబాటుకి ఎవరూ అడ్డు రాలేదు. కోటేశు ఏం లేదన్నట్టు చెయ్యూపాడు. తను మళ్లీ తొట్టె కేసి తిరిగింది. అన్న నీళ్లడిగాడు. తనని పిలవమన్నాడు. ఇల్లు కాలినా పిలవొద్దన్న నోరు తనది. ఆ నోటిని ఇప్పుడు రాయి పెట్టి మోదుకోవాలనిపించింది.

తలెత్తి బుడగని చూసింది. చితుకు, చితికి చావు, ఇద్దర్నీ కలిపి నేలకి కొట్టు, అని మనసులో అరిచింది. అది నున్నగా, గట్టిగా, ఒక్క ముడత లేకుండా ఉంది. బతుకులో మొదటిసారి తన పనితనాన్ని తనే బూతులు తిట్టుకుంది. ఆ మూడు తొనల్నీ ఎందుకు కోశాను భగవంతుడా అని ఏడ్చింది. చెవి పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. వదిలేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, బుడగ ఇక్కడే నిలబడుతుంది. కుళాయి ఒక్కసారిగా తిప్పితే? ఇద్దరూ పడతారు. వాచస్పతి ఒక్క క్షణంలో పోతాడు. ఏమీ తెలీకుండా.

ఆ మాట తట్టగానే చెయ్యి లోపలికి తీసుకుంది.

మైకు లాక్కుని ఆపేసింది. పమిటతో మొహం తుడుచుకుంది. “టైమెంతయ్యిందండి?” అంది.

ఆయన గడియారం చూశారు. “తొమ్మిదిన్నర.”

“పదకొండున్నరకి దిగుదామండి.”

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన నోటివెంట ఒక వింత చప్పుడు వచ్చింది. “అప్పటిదాకా... ఆగుతుందా ఇది?”

“ఏమోనండి. మా అన్నయ్యకి మాత్రం ఎవరు చెప్పేరు?”

కుళాయికి చెవి తగిలించి వెంట్రుకవాసి తిప్పింది. బుస్సుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకే ఆయన కెవ్వుమని బుట్ట అడుక్కి కరుచుకున్నారు. బుడగ పది అడుగులు దిగి ఆగింది. ఆమె కాసేపు ఊరుకుంది. మళ్లీ వెంట్రుకవాసి. మళ్లీ బుస్సు. కింద చేలు, కాలవలు, సగ్గుబియ్యం ఆరబోసిన తెల్లటి కళ్లాలు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. దుమ్ము రేపుకుంటూ మోటారుసైకిళ్లు వెంటపడుతున్నాయి.

అరగంటకి ఆయన ఏడ్చారు. గంటకి కూతుళ్ల పేర్లు చెప్పారు. తన కాళ్లు పట్టుకోబోతే ఆమె పక్కకి జరిగింది. ఎండ ఎక్కింది. నీళ్ల సీసా ఆమె వెనకాల ఉంది.

“రత్నమ్మా, గొంతు ఎండిపోతోంది. ఒక్క గుక్క.”

ఆమె కుళాయి మీంచి చూపు తిప్పలేదు.

“పని మీదున్నానండి. పిలవకండి.”

ఆ తర్వాత ఆయన పిలవలేదు. ప్రతి బుస్సుకీ ఒళ్లు ఎగిరిపడుతూ, తలమీద ఉన్న గోళాన్ని చూడలేక, చూడకుండా ఉండలేక, ఆ మిగతా గంట గడిపారు. ఆమెకీ అది సుఖంగా ఏం గడవలేదు. ప్రతి నిమిషానికీ అన్న ఇప్పుడు ఏం అడుగుతూ ఉండేవాడో అనుకుంటూ దింపింది. అయినా చెయ్యి మాత్రం తొందరపడలేదు.

పదకొండున్నరకి బుట్ట ఒక కోసిన వరిచేలో మెత్తగా ఆనింది. పోలీసు జీపు గట్టు మీద ఆగి ఉంది. వాచస్పతిగారు బుట్ట అంచు పట్టుకుని లేచారు. ఆయన జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. పైకి చూసి, “ఎందుకు చితకలేదు?” అన్నారు గొణుగుతున్నట్టు.

“చితికిపోయే పని చెయ్యడం నాకు రాదండి. నేను వేసిన పూత ఎప్పుడైనా పోయిందా?”

ఆయన అదే చోట ముడుచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టారు. పోలీసులు రెక్కలు పట్టి లేపాల్సి వచ్చింది. జనం దారిచ్చారు. ఎవరో “బుల్లబ్బాయి మంచోడ్రా” అన్నారు. ఇంకెవరో అవునన్నారు. నూకరత్నం బుట్ట దిగింది. ఆ మాట కోసమే తొమ్మిదేళ్లు కాసుక్కూచుంది, తీరా వినబడితే చెవికి ఎక్కలేదు. ఆమె కళ్లు అమ్మాజీ కోసం వెతుకుతున్నాయి.

ఎవరి మోటారుసైకిలు వెనకాలో ఎక్కి అమ్మాజీ వచ్చింది. గట్టు దిగి వరి మోడుల మీద చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. జీపు ఎక్కుతున్న వాచస్పతి కేసి కన్నెత్తి చూడలేదు. తిన్నగా నూకరత్నం ముందుకొచ్చి నిలబడింది.

“రెండు గంటలా?”

నూకరత్నం తలూపింది.

“నీళ్లడిగేరా?”

“వదినా, నాకు తెలీదు. నాకూ ఇప్పుడే...”

అమ్మాజీ ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. జనం ఉలిక్కిపడ్డారు. తర్వాత ఆ చేత్తోనే ఆమె భుజం పట్టుకుని, నిలబడలేక వేలాడింది.

“నాకెందుకే ఇనిపించేవు? చిటికెలో పోయేరనుకుని తొమ్మిదేళ్లు పడుకున్నానే. ఇంక నేనెలాగ పడుకోను?”

నూకరత్నం వదినని రెండు చేతులా పొదివి పట్టుకుంది. గట్టు మీద జీపు కదిలింది. దాని వెనక అద్దంలోంచి వాచస్పతి తల కనబడుతోంది. ఆయన ఇంకా పైకే చూస్తున్నారు.

“పడుకోలేవులే వదినా,” అంది నూకరత్నం. “నేనూ పడుకోలేను. ఆడ్ని కూడా పడుకోనివ్వనులే.”